ఒకే కప్పు కింద ఇద్దరు చిత్రకారులు: నల్గొండ ప్రదర్శన కేస్ స్టడీ

నల్గొండలోని ఒక చిన్న మ్యూజియంలో ఇద్దరు సమకాలీన చిత్రకారుల పనిని ఆరు వారాల పాటు కలిపి చూపించాం. క్యూరేటర్ బాధ్యత, అంటే బొమ్మలు ఎంచి అమర్చే పని, నాది. దాన్ని ఎలా ఆలోచించామో, గోడల మీదికి ఎలా తెచ్చామో, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో వివరంగా రాస్తున్నాను. ఇందులో డబ్బు సంగతులు, వాదనలు కూడా ఉన్నాయి కాబట్టి మ్యూజియం పేరు, చిత్రకారుల పేర్లు వదిలేశాను. జిల్లాల్లో ఇలాంటి పని చేయాలనుకునేవాళ్లకు పేర్ల కన్నా కొలతలే ఎక్కువ పనికొస్తాయి.

దక్షిణ తెలంగాణలో మ్యూజియం అంటే ముందుగా గుర్తొచ్చేది రాయి. అలంపురంలో బాదామి చాళుక్యుల కాలపు శిల్పాలు ఉన్నాయి. పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయం పక్కన మ్యూజియం ఉంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి దగ్గర శిల్పాలతో పాటు, శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి రాయి రాయి విప్పి తెచ్చి మళ్లీ కట్టిన గుడే ఉంది. ఇవన్నీ గొప్పవి. కానీ ఇప్పుడు పని చేస్తున్న చిత్రకారుల బొమ్మలు అసలు రూపంలో చూడాలంటే మాత్రం ఇక్కడి పిల్లలు హైదరాబాద్ బస్సెక్కాలి. మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీకో, ఏదో ప్రైవేటు గ్యాలరీకో పోవాలి. మా మ్యూజియంలో ఒక వరుస గదులు ఖాళీ అయినప్పుడు, అక్కడ సమకాలీన చిత్రకళ పెడదామని కమిటీ అడిగింది. వాళ్లు అడిగింది 'జిల్లా చిత్రకారుల ప్రదర్శన', అంటే ఇరవై మంది నుంచి తలా రెండు బొమ్మలు. నేను ఇద్దరే చాలన్నాను. తలా రెండు బొమ్మలు పెడితే చూసేవాళ్లకు ఎవరూ గుర్తుండరు. ఒక్కరినే పెడితే ఆ చిత్రకారుడి పేరు తెలిసినవాళ్లే వస్తారు. ఇద్దరైతే చూసే మనిషికి ఒక పని దొరుకుతుంది.

ఆ ఇద్దరూ ఎవరంటే.

ఆమె పుట్టపాక వైపు చేనేత ఇంట్లో పుట్టారు, నలభై దాటిన వయసు. వాళ్లమ్మ ఏళ్ల తరబడి ఆసు పోసేది. చిటికి (ఇక్కత్) చీర నేయాలంటే పేక నూలును, అంటే అడ్డదారాన్ని, ముందుగా ఆసు మీద పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల మీదికి దారాన్ని చేత్తో తీసుకెళ్లి, మళ్లీ మొదటికి తెచ్చి, మళ్లీ తీసుకెళ్లాలి. ఒక్క చీరకే ఆ చెయ్యి వేల సార్లు ఆడాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజాల నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారు చేశారని, అందుకే ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చిందని మన దగ్గర చాలామందికి తెలుసు. మా చిత్రకారిణి ఇంటికి కూడా ఆ యంత్రం వచ్చింది. ఆమె ప్రైమర్ (అడుగు పూత) పూయని నూలు గుడ్డ మీద, మంజిష్ఠ వేరు ఎరుపుతోనూ ఇనుము, బెల్లం ఊరబెట్టి తీసిన నలుపుతోనూ, భుజం నుంచి సాగే వంపు గీతలు వేలకొద్దీ గీస్తారు. దూరం నుంచి ఎర్రటి పొగమంచులా ఉంటుంది. దగ్గరికి పోతే ప్రతి గీత విడిగా కనిపిస్తుంది.

ఆయన పాలమూరు మనిషి, యాభై దాటినవారు. మహబూబ్‌నగర్‌లో షాపు బోర్డులు, గోడ ప్రకటనలు రాసి బతికారు. ఫ్లెక్స్ ప్రింటింగ్ వచ్చాక ఆ పని పోయింది. మిగిలిన రేకుల మీద, మిగిలిన ఎనామిల్ రంగులతో మనుషుల్ని వేయడం మొదలుపెట్టారు. బొంబాయి బస్సు కోసం మూటలతో నిలబడిన వలస కూలీలు, మేస్త్రీ వెనక నడిచే గుంపు. ఎక్కువగా వీపులే. రెడ్ ఆక్సైడ్ పూత మీద ముదురు నీలం, పసుపు, తెలుపు. అంచులు కోసినట్టు ఉంటాయి. అక్షరం రాసే చెయ్యి కాబట్టి బొమ్మలో కూడా ఆ ఖచ్చితం పోలేదు.

ఇద్దరికీ అంతకు ముందు పరిచయం లేదు.

కమిటీలో అందరికీ వెంటనే తట్టిన పేరు 'పల్లె – శ్రమ'. ఇద్దరిదీ దక్షిణ తెలంగాణే, ఇద్దరివీ కష్టం చేసిన ఇళ్లే, కాబట్టి జత కుదిరిందన్నారు. నేను దానికి ఒప్పుకోలేదు. విషయం ఒకటే అయినంత మాత్రాన జత కుదరదు. తెలంగాణ పల్లె అనగానే మనం లక్ష్మాగౌడ్, తోట వైకుంఠం పేర్లు ఒకే ఊపిరిలో చెప్తాం. ఒకరు మెదక్ వైపు నిజాంపూర్, ఇంకొకరు కరీంనగర్ వైపు బూరుగుపల్లి. ఇద్దరూ బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నవారే. అయినా లక్ష్మాగౌడ్ తొలినాళ్ల ఎచింగ్‌లలో (లోహపు పలక మీద గీసి తీసిన అచ్చు బొమ్మల్లో) సన్నటి గీతే అంతా నడిపిస్తుంది. వైకుంఠం స్త్రీలలో చీర ఎరుపు, బొట్టు, గట్టిగా పరిచిన రంగు నడిపిస్తాయి. 'పల్లె' అన్న ఒక్క మాట కింద ఇద్దరినీ పెట్టేస్తే ఆ తేడా మన కంటికి ఆనదు. మా ఇద్దరికీ అదే జరగకూడదనుకున్నాను.

బయటి ప్రదర్శనల్లో రెండు రకాల జతలు కనిపిస్తాయి. 2002లో లండన్ టేట్ మోడర్న్‌లో మొదలై పారిస్, న్యూయార్క్ వెళ్లిన మాటీస్–పికాసో ప్రదర్శన ఒక రకం. వాళ్లిద్దరూ దశాబ్దాల పాటు ఒకరి బొమ్మలు ఒకరు గమనిస్తూ, వాటికి బొమ్మలతోనే జవాబిస్తూ బతికారు. 2023లో పారిస్ ఓర్సే మ్యూజియం, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం కలిసి, ఫ్రెంచ్ చిత్రకారులు మానే, దెగాల మీద చేసిన ప్రదర్శన కూడా అలాంటిదే. దెగా వేసిచ్చిన బొమ్మలో తన భార్య ఉన్న భాగాన్ని మానే కత్తితో కోసేసిన కథ ఆ స్నేహంలోదే. రెండో రకం, అదే ఏడాది టేట్ మోడర్న్‌లో స్వీడన్ చిత్రకారిణి హిల్మా అఫ్ క్లింట్, డచ్ చిత్రకారుడు మోండ్రియాన్‌లను కలిపి పెట్టింది. వాళ్లు ఎన్నడూ కలుసుకోలేదు. మొదటి రకంలో ఉత్తరాలు, సాక్ష్యాలు క్యూరేటర్‌కు అండగా ఉంటాయి. రెండో రకంలో క్యూరేటర్ అడిగే ప్రశ్న తప్ప వేరే అండ ఉండదు. మాది రెండోది.

మేం పట్టుకున్న ప్రశ్న ఇది: ఒక పనిని యంత్రం తీసుకున్నాక, ఆ పని నేర్చిన చెయ్యి ఏమవుతుంది? దీనికి ఇద్దరి జవాబులు వేరు. ఆమె మాటల్లోనే చెప్తాను: "అమ్మ భుజం నొప్పి మిషన్ వచ్చినంకనే తగ్గింది. ఆ మిషన్ మీద నాకు కోపం లేదు. గా చెయ్యి ఊపు మాత్రం పోవద్దని గీస్తున్న." తల్లి తప్పనిసరై చేసిన కదలికను కూతురు కావాలని చేస్తోంది. ఆయనకు యంత్రం తెచ్చింది ఉపశమనం కాదు, పని లేని రోజులు. ఆయన బొమ్మల్లో అక్షరం ఒక్కటీ ఉండదు, కానీ ప్రతి వీపూ ఒక అక్షరంలా కట్టుదిట్టంగా నిలబడుతుంది. ఈ ప్రశ్న దొరికాక బొమ్మలు ఎంచడం తేలికైంది. ఆమెవి పద్నాలుగు, ఆయనవి పదకొండు. ఆయన వేసిన బతుకమ్మ బొమ్మలు, ఆమె తొలినాళ్ల పోర్ట్రెయిట్లు బాగున్నా పక్కన పెట్టాం.

గదులు, ఎత్తులు

మా దగ్గర వరుసగా మూడు గదులున్నాయి. మధ్య గదిలో గోడకు ఆనించిన వీరగల్లులు (పోరులో పడ్డ వీరుల గుర్తుగా చెక్కిన పాత రాళ్లు) ఉన్నాయి, వాటిని కదపడానికి వీల్లేదు. నా ప్రణాళిక మొత్తం ఒక్క మాట మీద నిలబడింది: ఇద్దర్నీ జతగా చూపించాలంటే ముందు ఎవరికి వాళ్లను ఒంటరిగా చూపించాలి. చూసేవాళ్లకు ఒక్కొక్కరి భాష అలవాటు కాకముందే పోలిక మొదలుపెడితే, వాళ్లు బొమ్మను చూడరు, తేడాల కోసం వెతుకుతారు. కళాచరిత్ర క్లాసుల్లో రెండు స్లైడులు పక్కపక్కన వేసి చెప్పే పద్ధతిని హైన్రిక్ వోల్ఫ్లిన్ లాంటి పండితులు పాతుకునేలా చేశారు. పాఠానికి అది మంచి పద్ధతే. నిజమైన బొమ్మల ముందు మాత్రం కన్ను అటూ ఇటూ పరుగెడుతుంది, ఎక్కడా నిలవదు.

ఈ సంగతి నాకన్నా సూటిగా చెప్పింది ఆయనే. ప్లాన్ కాగితం చూసి, "నా రంగులు ఒర్లుతయి సార్. చెల్లె బొమ్మ మెల్లగ మాట్లాడుతది. పక్కపక్కన పెడితే జనం నా దగ్గరే ఆగుతరు. అది నాకు లాభమే గానీ ఆమె బొమ్మను ఎవ్వరు చూడరు" అన్నారు. ఆ తర్వాత మేం ఒక్క గోడ మీద కూడా ఇద్దరి బొమ్మలూ కలిపి పెట్టలేదు.

మొదటి గది ఆమెది, మూడో గది ఆయనది. ఎత్తుల మీద చాలా ఆలోచించాం. సాధారణంగా మ్యూజియాల్లో బొమ్మ మధ్యభాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉండేలా పెడతారు. ఆమె గదిలో దాన్ని 46 అంగుళాలకు దించాం. ఆమె నేల మీద కూర్చుని గీస్తారు, ఆ వంపు కూర్చున్న మనిషి భుజం నుంచి పుట్టింది. గది మధ్యలో పొట్టి బల్లలు వేశాం. కూర్చుని చూస్తే ఆ గీతల ఊపు సరిగ్గా కంటికి అందుతుంది. ఆయన గదిలో దీనికి పూర్తి విరుద్ధం. రేకు కింది అంచు ఆరున్నర అడుగుల ఎత్తులో ఉంచాం. "బోర్డు పైన ఉంటది, మెడ ఎత్తి చూడాలె" అన్నది ఆయన కోరిక. బజార్లో నడిచేవాళ్లు బోర్డు చదివినట్టే ఆ వలస కూలీల వీపుల్ని తలెత్తి చూడాల్సి వస్తుంది. మన దగ్గర కూలీల వైపు తలెత్తి చూసే అలవాటు ఎవరికీ లేదు. ఈ ఒక్క ఎత్తు కోసం నేను కమిటీతో గట్టిగానే వాదించాను. మళ్లీ వాదించాల్సి వచ్చినా వాదిస్తాను.

మధ్య గదిలో మాత్రం ఇద్దరికీ ఒకటే గీత, 57 అంగుళాలు. మొదటి గదిలో కూర్చుని చూసినవాళ్లు, మూడో గదిలో తలెత్తి చూడబోయేవాళ్లు ఇక్కడ నిలబడి ఎదురెదురుగా చూస్తారు.

మధ్య గదికి మూడు జతలు అనుకున్నాం, చివరికి రెండే ఉంచాం. మొదటిది ఎదురెదురు గోడల మీద. ఒక వైపు ఆమె తొమ్మిది అడుగుల పొడవైన ఎర్ర గుడ్డ, ఇంకో వైపు ఆయన ఆరు బై మూడు రేకు, రాత్రి బస్సు వెనక గుంపు. రెండూ ఒకేసారి కంట పడవు. ఒకటి చూసి వెనక్కి తిరగాలి. తిరిగేటప్పుడు మొదటిది ఇంకా కళ్లలోనే ఉంటుంది, రెండోదాన్ని దాని మీదుగా చూస్తాం. రెండో జత ఒక మూలలో, లంబకోణంలో ఉన్న రెండు గోడల మీద పెట్టాం. అది ఇద్దరి చిన్న పనులకు. అక్కడ పక్కచూపుతో రెండూ దొరుకుతాయి. మూడో జతలో ఇద్దరి ఎరుపూ అచ్చంగా ఒకటే. ప్లాన్ మీద అందంగా ఉంది. బొమ్మలు గోడకు ఆనించి చూస్తే రంగు కలవడం తప్ప వాటి మధ్య ఇంకేమీ జరగడం లేదు. తీసేసి ఆ గోడ ఖాళీగా వదిలాం.

వీరగల్లులకు తెల్ల గుడ్డ కప్పుదామని డిజైనర్ అన్నారు. ఒద్దన్నాను. పేరు తెలియని ఎవరో చెక్కిన రాళ్లు అవి. చెయ్యి గురించి అడిగే గదిలో వాటికి చోటు ఉండాలి. బొమ్మలు నిలబెట్టిన ప్లైవుడ్ ప్యానెళ్లను వాటికి మీటరు దూరంలో పెట్టాం.

వెలుతురు

ఇద్దరి సామగ్రికీ పడని విషయం ఇదే. ప్రైమర్ లేని గుడ్డ మీద సహజ రంగులంటే బట్టలతో సమానంగా చూడాలి, వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటకూడదు. ఎనామిల్‌కు 200 లక్స్ దాకా ఇబ్బంది లేదు. సీఐఈ అనే అంతర్జాతీయ ప్రకాశ సంస్థ 2004 మార్గదర్శకాల ప్రకారం, త్వరగా వెలిసే వస్తువుకు ఏడాది మొత్తానికి 15,000 లక్స్-గంటలే (లక్స్‌ను వెలుతురు పడిన గంటలతో గుణించిన లెక్క) హద్దు. మంజిష్ఠ అంత త్వరగా వెలిసే రంగు కాదు. అయినా అవి ఆమె ఇంకోసారి చేయలేని పనులు కాబట్టి కఠినమైన లెక్కే పట్టుకున్నాం. రోజుకు 7 గంటలు, వారానికి ఒక సెలవు పోగా 36 రోజులు, 50 లక్స్: మొత్తం 12,600. మిగిలింది బిగించడానికి, విప్పడానికి, ఫొటోలకు. ప్రదర్శన ఆరు వారాలే ఎందుకని చాలామంది అడిగారు. దాని గడువు ఈ లెక్కే నిర్ణయించింది.

మధ్య గదిలో ఒక గోడ 50, ఎదుటి గోడ 200 ఉంటే, వెనక్కి తిరిగిన మనిషికి గుడ్డ చీకట్లో ఉన్నట్టే అనిపిస్తుంది. అందుకే ఆయన రేకును 90కి దించాం. తేడా రెండింతలు దాటకపోతే కన్ను సర్దుకుంటుంది. ఇంకో తలనొప్పి ఎనామిల్ మెరుపు. పైనుంచి 30 డిగ్రీల కోణంలో లైటు వేయడం మామూలు పద్ధతి. మెరిసే రేకు మీద అది నేరుగా చూసేవాళ్ల కళ్లలో కొడుతుంది. లైట్లను పక్కలకు జరిపి, రెండు వైపుల నుంచి తక్కువ తక్కువగా వేశాక మెరుపు లొంగింది. ఆయన గదిలో బొమ్మలు ఎత్తులో ఉండటంతో కోణాలన్నీ మళ్లీ మొదటి నుంచి చూసుకోవాల్సి వచ్చింది. కిటికీలకు అతినీల కిరణాలు ఆపే ఫిల్మ్ అంటించాం.

రేకుల ప్యాకింగ్ గురించి ఒక ముక్క. ఎనామిల్ ఎండినట్టే ఉంటుంది కానీ వేడికి మెత్తబడుతుంది. బబుల్ రేపర్ నేరుగా చుడితే ఆ బుడగల గుర్తులు రంగు మీద పడతాయి. ముందు సిలికాన్ కాగితం, దాని మీద ఫోమ్, ఆపైన చెక్క ఫ్రేము. మహబూబ్‌నగర్ నుంచి తెల్లవారుజామునే బండి బయల్దేరదీశాం.

పేర్లు, ధరలు, మాటలు

ఆమె బొమ్మలకు మార్కెట్ ఉంది, లక్షల్లో పోతాయి. ఆయనవి ఊళ్లో స్నేహితులు కొనుక్కున్నవే. ఇన్సూరెన్స్ విలువలు వేరుగా రాయక తప్పలేదు. కానీ గౌరవ పారితోషికం ఇద్దరికీ సమానం. ఇద్దరి పనికీ వాళ్ల గోడ మీద నుంచి తీసినప్పటి నుంచి మళ్లీ అదే గోడ మీదికి చేరేదాకా వర్తించే పాలసీయే తీసుకున్నాం. పోస్టర్ మీద ఎవరి పేరు ముందు అన్నది అక్షరక్రమం ప్రకారం తేల్చి, ఎదురుగా అదే చెప్పాం. ఇద్దరూ సరేనన్నారు.

అసలు వాదన బయటి నుంచి వచ్చింది. ఆమె ఫైన్ ఆర్ట్స్‌లో పీజీ చేసినవారు, ఆయన బోర్డు ఆర్టిస్టు. "ఆమె పక్కన ఆయన్ని పెట్టడం జాలి చూపించడం కాదా?" అని కళారంగంలోని ఒక పెద్దాయన అన్నారు. ఇంకొకరు ఆయన్ని 'జానపద చిత్రకారుడు' అని రాయమన్నారు. రెండూ తప్పే. ఆయన జానపదం కాదు, పట్నపు బజారు కళలో ఆరితేరిన నిపుణుడు. ఎనామిల్ బ్రష్‌తో ఒక్క ఊపులో వంకర లేని అంచు తీయడం ఏళ్ల సాధన. పరిచయ పలకల్లో చదువు, అవార్డుల వాక్యాలు ఇద్దరికీ తీసేశాం. ఏం నేర్చుకున్నారు, దేనితో వేస్తారు, ఎలా వేస్తారు అన్నవి మాత్రమే ఒకే కొలతలో రాశాం. తెలుగు పైన, పెద్ద అక్షరాల్లో, అరవై మాటలు దాటకుండా. ఒకరి పలకలో ఇంకొకరి ప్రస్తావన ఉండకూడదన్నది నియమం. మధ్య గదిలో కూడా పోలిక రాయలేదు. ప్రశ్న ఒక్కటే గుమ్మం దగ్గర రాశాం.

జనం దాన్ని వాడుకున్నారు. చౌటుప్పల్ వైపు నుంచి వచ్చిన ఒక నేత కుటుంబంలోని పెద్దావిడ ఎర్ర గుడ్డ ముందు నిలబడి, చెయ్యి గాల్లో ఆడిస్తూ, "ఇది ఎడమ నుంచి పోసింది" అని మనవరాలికి చెప్పింది. అది నిజమే. చిత్రకారిణి ఎడమచేతి వాటం మనిషి, మేం ఆ సంగతి ఎక్కడా రాయలేదు. దేవరకొండ నుంచి వచ్చిన ఒక పాత బోర్డు ఆర్టిస్టు రేకు అంచుల్నే చాలాసేపు చూసి, "టేపు అంటించలే, చేత్తోనే కొట్టిండు" అన్నారు. కాలేజీ పిల్లలు మాత్రం మధ్య గదిలో ఎక్కువసేపున్నారు. అటూ ఇటూ తిరుగుతూ, ఏ బొమ్మలో చెయ్యి ఎక్కువ కనిపిస్తోందో వాదించుకున్నారు.

మూడు వారాల తర్వాత ప్రవేశ ద్వారం మార్చాం. మొదటి సగం ఆమె గది నుంచి లోపలికి, రెండో సగం ఆయన గది నుంచి. ఇది ముందే అనుకున్నది, దాని ఫలితం స్పష్టంగా కనిపించింది. ఆమె గది నుంచి వచ్చినవాళ్లు ఆయన గదిలో కూడా నెమ్మదిగా నడిచారు. ఆయన గది నుంచి వచ్చినవాళ్లలో చాలామంది ఆమె గదిలో బల్ల మీద కూర్చోకుండానే బయటికి వెళ్లిపోయారు. చివరి వారాల్లో గైడుగా ఉన్న డిగ్రీ విద్యార్థులు సందర్శకుల్ని ముందు కూర్చోబెట్టి, తర్వాతే మాట్లాడటం మొదలుపెట్టాక అది కొంత సర్దుకుంది. ఇద్దరు చిత్రకారుల్ని కలిపి చూపించాలనుకునే వాళ్లకు నా సలహా ఇది: మెల్లగా మాట్లాడే పనిని ముందు పెట్టండి.

ఇప్పుడు ఇదే ప్రదర్శనను పాలమూరులో పెట్టమని అడుగుతున్నారు. ఆయన సొంత ఊరు కాబట్టి ఆయనకు చాలా ఇష్టం, నాకూ ఇష్టమే. కానీ అక్కడ చూపించిన హాలు ఒకటే పెద్ద గది, మధ్యలో అడ్డు లేదు. అందులో ఇవే బొమ్మలు ఇదే వరుసలో పెడితే ఎనామిల్ రంగులు హాలంతా ఆక్రమిస్తాయి. అందుకే మూడు షరతులు రాసిచ్చాను: నేల నుంచి పది అడుగుల ఎత్తు అడ్డుగోడలు రెండు కట్టించాలి, నల్గొండలో వెలుతురు చూసిన ఆమె పద్నాలుగు పనులూ ఈ ఏడాది మళ్లీ వెలుతురుకు రాకూడదు కాబట్టి ఆమెవి కొత్తవి తేవాలి, ఆయన వేసిన రేకులు బోర్డు ఎత్తులోనే ఉండాలి. మొదటి రెండింటికీ అక్కడివాళ్లు ఒప్పుకున్నారు. మూడోదాని మీద ఇంకా మాట్లాడుతున్నాం.